మన కంపెనీ కారా, ఫారిన్ కంపెనీ కారా? మన రోడ్ల మీద, మన ఉప్పుగాలికి ఏది నిలబడింది?

చెరువుగట్టు (కోడవలూరు)
అందరికీ నమస్కారం. మాకు రొయ్యల చెరువులున్నాయి. ఉన్న డీజిల్ కారు ముసలిదైపోయింది, ఈ పంట డబ్బులు చేతికి రాగానే వేరేది తీసుకోవాలి. ఇంట్లో రోజూ ఇదే గోల. నాన్నేమో మన దేశపు కంపెనీ బండే తీసుకోమంటాడు, ఏ ఊళ్లో ఆగినా బాగుచేసేవాడు దొరుకుతాడని. మా బావ బెంగళూరులో ఉంటాడు. కొత్త దేశీ బండి పెట్టే డబ్బుకే సెకండ్ హ్యాండ్ జర్మన్ బండి ఇప్పిస్తానంటున్నాడు. ఫ్రెండ్స్‌ని అడిగితే జపాన్ బండి తప్ప వేరేది చూడొద్దంటారు.

యూట్యూబ్ రివ్యూలు చాలా చూశాను. వాటిలో బండి కొత్తగా ఉన్నప్పటి సంగతులే ఉంటాయి. ఐదేళ్లు దాటి వాడినవాళ్లు చెప్పండి: ఏం పోయింది, సామాను ఎన్నాళ్లకొచ్చింది, ఎంతైంది? మా వాడకం ఇదీ: రోజూ ఇంటి నుంచి చెరువు దాకా గట్టు మీద మట్టిరోడ్డు, వారంలో నాలుగైదుసార్లు నెల్లూరు, నెలకోసారి చెన్నై, అప్పుడప్పుడు తిరుపతి.

హైవే 16 (ఒంగోలు)
తమ్ముడూ, నేను ట్యాక్సీ తిప్పుతాను. నాది ఇన్నోవా, నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. ఇంజిన్ ఇప్పటిదాకా విప్పలేదు. క్లచ్ ప్లేట్ మార్చాను, కింద బుష్‌లు, లింక్ రాడ్లు మార్చాను, ఏసీ కూలింగ్ కాయిల్ ఒకటి పోయింది. అంతే. అర్ధరాత్రి పెళ్లివాళ్లని ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరాలంటే నాకు బండి మీద టెన్షన్ ఉండకూడదు, ఆ నమ్మకం దీనితో వచ్చింది. రేటు ఎక్కువే, సర్వీసింగ్ బిల్లు కూడా తక్కువేం కాదు. కానీ ఆగిన రోజు కిరాయి పోతుంది కదా, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

కనిగిరి మాస్టారు
ముందు ఒక సంగతి తేల్చుకోవాలి బాబూ. మన కంపెనీ, ఫారిన్ కంపెనీ అని గీత ఎక్కడ గీస్తాం? మారుతిని మనం మన బండి అనుకుంటాం. 1983లో ప్రభుత్వ కంపెనీగానే తొలి కారు వచ్చింది, ఇవాళ అందులో పెద్ద వాటా సుజుకీది. హ్యుందాయ్ కొరియా కంపెనీ, కానీ మీ నెల్లూరు నుంచి తెల్లారి బయల్దేరితే టిఫిన్ వేళకి చేరేంత దూరంలో, శ్రీపెరంబుదూరు దగ్గర 1998 నుంచి తయారవుతోంది. కియా మన పెనుకొండలోనే చేస్తున్నారు. జాగ్వార్ ల్యాండ్ రోవర్ చూస్తే ఇంగ్లాండు బండి, 2008 నుంచి యజమాని మన టాటా.

కాబట్టి బండి మీదున్న పేరు ఏ దేశానిదని అడగొద్దు. ఆ మోడల్ ఇక్కడ తయారవుతోందా, విడిభాగాలు ఇక్కడ దొరుకుతున్నాయా అని అడుగు. నిజంగా ఓడలో దిగే బండ్లు చాలా తక్కువ. ల్యాండ్ క్రూజర్ 300 అలాంటిది. మనం ఫారిన్ కారు అనుకునేవాటిలో ఎక్కువ భాగం పుణే దగ్గరో, చెన్నై దగ్గరో బిగించినవే. బీఎండబ్ల్యూ వాళ్లు కూడా 2007 నుంచి చెన్నై దగ్గరే బిగిస్తున్నారు.

పెన్నా డాక్టర్ (నెల్లూరు)
మీ బావగారు చెప్పిన దారిలో వెళ్లినవాణ్ణి కాబట్టి నేను రాస్తాను. జర్మన్ సెడాన్, సెకండ్ హ్యాండ్, బెంగళూరు నుంచే తెచ్చుకున్నాను. కంపెనీ పేరు రాయను.

హైవే మీద ఆ బండి నడక వేరు. చెన్నై వెళ్లి వచ్చాక కూడా ఒంట్లో అలసట ఉండదు. బ్రేకు మీద కాలు పెడితే బండి గీత గీసినట్టు నిలబడుతుంది. ఆ విషయంలో నాకు ఈరోజుకీ తృప్తే.

ఒకరోజు పొద్దున చూస్తే ముందు ఎడమవైపు మూల నేలకి వాలిపోయి ఉంది. ఎయిర్ సస్పెన్షన్ లీకు. నెల్లూరులో దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు. ఫ్లాట్‌బెడ్ మీద చెన్నై పంపించాను. సామాను జర్మనీ నుంచి రావాలన్నారు, దాదాపు నెల పట్టింది. ఆ నెలంతా ఆసుపత్రికి ఆటోలో తిరిగాను. రన్‌ఫ్లాట్ టైర్ల సంగతి ఇంకోటి. పంక్చరైనా కొంత దూరం నడుస్తాయి, బాగానే ఉంటుంది. కానీ గుంతలో పడి సైడ్‌వాల్ ఉబ్బితే ఆ సైజు టైరు మన ఊళ్లో స్టాకు ఉండదు, ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. కర్ణాటక రిజిస్ట్రేషన్ బండిని ఇక్కడే ఉంచుకుని తిప్పాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చుకుని మన దగ్గర మళ్లీ రిజిస్టర్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బెంగళూరు రేటు చూసి అగ్గువ అనుకునేవాళ్లు దాన్ని లెక్కలో వేసుకోరు. మీ గట్టు రోడ్డు మీద మాత్రం ఈ తరహా బండి వద్దు. కింద ఎత్తు చాలదు.

చెరువుగట్టు
డాక్టరు గారూ, చాలా థాంక్స్. ట్యాక్స్ సంగతి బావ అస్సలు చెప్పలేదు, ఇప్పుడే ఫోన్ చేసి అడుగుతాను. ఢిల్లీ నుంచి కూడా పదేళ్లకి దగ్గరపడిన డీజిల్ బండ్లు బాగా తక్కువకి వస్తున్నాయంటున్నారు. అవి ఎట్టుంటాయి? ఎవరైనా తెచ్చుకున్నారా?

ఆటోనగర్ షెడ్డు (నెల్లూరు)
తమ్ముడూ, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి రేటు పడిపోతుంది. ఆ బండ్లు నా షెడ్డుకి వస్తూనే ఉంటాయి. కొన్ని నిజంగా బాగుంటాయి, తక్కువ తిరిగినవి. కానీ మీటరు వెనక్కి తిప్పినవీ వస్తాయి. స్కానర్ పెడితే కొన్ని మోడళ్లలో ఈసీఎంలో, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో, ఒక కిలోమీటర్ లెక్క, ముందు మీటర్లో ఇంకో లెక్క కనిపిస్తుంది. తెచ్చుకోవాలనుకుంటే తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లు. లేదంటే దాని జోలికే పోవద్దు.

ఇక నీ అసలు ప్రశ్నకి వస్తాను. చెరువుల వాళ్ల బండ్లు నా దగ్గరికి ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు నుంచి చాలా వస్తాయి. వాటిలో నేను చూసే జబ్బు ఇంజిన్‌ది కాదు. ఉప్పుది. మొన్న ఒక బండి వచ్చింది, డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు జారకుండా చూసేది) లైటు వెలుగుతోంది. షోరూంలో మొత్తం యూనిట్ మార్చాలన్నారట. ముందు ఎడమ చక్రం విప్పి సెన్సార్ వైరు వెంట పోయి కనెక్టర్ లాగితే, లోపల రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. స్ప్రే కొట్టి, సన్న బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, గ్రీజు రాసి బిగించాను. లైటు ఆరిపోయింది. ఆ వారమే ఇంకో దేశపు కంపెనీ బండిలో అచ్చం అదే చోట అదే చిలుము చూశాను. ఉప్పుగాలికి దేశీ, విదేశీ తేడా లేదు.

ఏసీ కండెన్సర్ రేకులు వేలితో తాకితే పొడిలా రాలిపోయిన బండ్లు చూశాను. డిక్కీలో తడి వలలు, రొయ్యల ట్రేలు వేస్తారు, ఉప్పునీళ్లు మ్యాట్ కిందికి దిగి నేల రేకు లోపలి నుంచి తినేస్తుంది. పైన పెయింటు మెరుస్తుంటుంది కాబట్టి యజమానికి తెలీదు. సైలెన్సర్, సబ్‌ఫ్రేమ్, బ్రేకు పైపులు, ఇవి చూపించుకోవాలి. బ్రేకు పైపు తుప్పు పట్టి కారిందంటే ప్రాణాల మీదికి వస్తుంది.

నీ వాడకానికి ఇంకో మాట. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండ్లలో డీపీఎఫ్ ఉంటుంది, పొగలోని మసిని పట్టే ఫిల్టరు. అది బాగా వేడెక్కితేనే మసి కాలిపోతుంది. ఇంటి నుంచి చెరువుకి, చెరువు నుంచి ఇంటికి చల్లబండి తిప్పితే మసి పేరుకుని లైటు వస్తుంది. హైవే ఎక్కి ఓ ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పోతే చాలావరకు సర్దుకుంటుంది. లైటు చూసీ చూడనట్టు తిప్పితే షెడ్డుకి రావాల్సిందే. నీకు హైవే కూడా ఉంది కాబట్టి డీజిల్ వద్దని చెప్పను, ఈ సంగతి తెలిసి వాడుకో.

గెలాక్సీ గ్రానైట్ (చీమకుర్తి)
మీకు ఉప్పు, మాకు రాతిదుమ్ము. క్వారీ పని మీద రోజూ తిరగాలి. నాది దేశీ కంపెనీ బొలెరో, ఇంట్లోవాళ్లకి జపాన్ కంపెనీ పెట్రోలు కారు. రెండూ చాలా ఏళ్లుగా ఉన్నాయి కాబట్టి పక్కపక్కన పెట్టి చెప్పగలను.

బొలెరోకి చప్పుడెక్కువ, తలుపులు గట్టిగా వెయ్యాలి. కానీ కింద ఏది పోయినా చీమకుర్తిలోనే సామాను దొరుకుతుంది, సాయంత్రానికి బండి చేతికొస్తుంది. కారు అంత తొందరగా చెడదు, చెడినప్పుడు ఒంగోలు పోవాలి. ఎయిర్ ఫిల్టరు మాత్రం కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లకి కాకుండా మా దగ్గర చాలా ముందే చూసుకోవాలి. విప్పి దులిపితే తెల్లటి పిండి పడుతుంది. అది తోసుకుని లోపలికి పోతే పిస్టన్ రింగులు అరిగి బోరుకొస్తుంది, అంటే ఇంజిన్ విప్పి బాగుచేయాల్సి వస్తుంది, ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది.

హైవే 16 గారూ, మీ ఇన్నోవా మంచిదే, ఒప్పుకుంటాను. కానీ అందరికీ అంత పెట్టుబడి ఉండదు. ఆ డబ్బుతో ఒక దేశీ బండి కొని, మిగిలింది బ్యాంకులో వేసుకుంటే పదేళ్ల రిపేర్లు దాంట్లోనే అయిపోతాయి.

హైవే 16
అన్నా, లెక్క సరే. అమ్మేటప్పుడు ఎంతొస్తుందో కూడా చూడాలి కదా. పైగా దేశీ కంపెనీల కొత్త మోడళ్లలో ఇప్పుడు పెద్ద పెద్ద స్క్రీన్లు, కెమెరాలు. మా స్టాండులో ఒకాయన మోడల్ వచ్చిన కొత్తలోనే తీసుకున్నాడు. స్క్రీను ఆరిపోతుంది, వెనక కెమెరా రాదు, తాళం గుర్తుపట్టదు. ప్రతిసారీ షోరూం వాళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అంటారు. ఇంజిన్ బాగుంది, గేర్‌బాక్స్ బాగుంది, అయినా బండి షోరూంలోనే ఉంటుంది. కిరాయిలు పోతున్నాయి.

గెలాక్సీ గ్రానైట్
అది నిజమే. ఏ మోడలైనా వచ్చిన మొదటి ఏడాది తీసుకోకూడదు. అయితే అది దేశీ కంపెనీలకే ఉన్న జబ్బు కాదు. మా పక్కింట్లో ఫారిన్ కంపెనీ ఆటోమేటిక్ ఉంది, దాని గేర్‌బాక్స్ ట్రాఫిక్‌లో వేడెక్కి ఆగిపోయేది. సేఫ్టీ కూడా చూడండి. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే, కారుని గుద్దించి చూసే టెస్టులో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి భారత్ తయారీ కారు టాటా నెక్సాన్. అంతకుముందు మన బండ్లను డబ్బారేకులని తిట్టినవాళ్లే ఎక్కువ.

వేదిక నిర్వాహకులు
స్టార్ రేటింగుల మీద వేరే చర్చ నడుస్తోంది, దయచేసి ఆ వివరాలు అక్కడ రాయండి. ఇక్కడ మన్నిక, రిపేర్లు, సామాను గురించే రాద్దాం.

కావలి లెక్చరర్
నా అనుభవం కొంచెం వేరు. నేను వాడేది ఒక విదేశీ కంపెనీ చిన్న కారు. ఆ కంపెనీ ఇప్పుడు మన దేశంలో కార్లు అమ్మడం మానేసింది. ఇలా వెళ్లిపోయినవాళ్లు ఒకరు కాదు. జనరల్ మోటార్స్ 2017లో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, డాట్సన్ 2022లో పోయింది.

కారు మాత్రం బంగారం. స్టీరింగ్ ఇప్పటికీ బిగువుగా ఉంది, తలుపు వేస్తే బరువుగా పడుతుంది, ఇంజిన్ ఒక్కసారి కూడా దారిలో నన్ను వదిలెయ్యలేదు. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు ఇవన్నీ సులభంగానే దొరుకుతున్నాయి. బాడీ సామానుతోనే తంటా. కాలేజీ దగ్గర ఒక బైకు అబ్బాయి గుద్దితే హెడ్‌లైటు పగిలింది. దానికోసం ఎంత తిరిగానో! నెల్లూరు, ఒంగోలు అడిగాను, చివరికి చెన్నైలో పాత కార్లు విప్పే చోటి నుంచి మెకానిక్ తెప్పించాడు. అప్పటిదాకా సాయంత్రం చీకటి పడకముందే ఇల్లు చేరేదాన్ని.

నాలాంటి ఆడవాళ్లకి, పిల్లల్ని ఎక్కించుకుని ఒక్కళ్లమే నడిపేవాళ్లకి, మన్నిక అంటే దారిలో ఆగకపోవడం ఒక్కటే కాదు. ఆగితే ఎవరు ఎంతసేపట్లో వస్తారనేది కూడా. కాబట్టి కొనేముందు షోరూంలో బండి కాకుండా, వెనక వర్క్‌షాపు చూడండి. ఎన్ని బండ్లు దుమ్ము పట్టి నిలబడి ఉన్నాయి, ఎందుకు నిలబడ్డాయి అని అక్కడున్న అబ్బాయిని అడగండి. నేను ఇప్పుడు మా చెల్లెలికి కారు కొనేటప్పుడు అలాగే చేశాను.

డల్లాస్ నుంచి కందుకూరు
ఈ గొడవ అమెరికాలో మనకంటే ముందే జరిగింది కాబట్టి రాస్తున్నాను. 1973 ఆయిల్ సంక్షోభం తర్వాత అక్కడ జపాన్ చిన్న కార్లు బాగా అమ్ముడయ్యాయి. డొమెస్టిక్ అంటే డెట్రాయిట్, ఇంపోర్ట్ అంటే జపాన్ అని ఇళ్లల్లోనే రెండు పార్టీలు. ఆ తర్వాత హోండా 1982లో ఒహాయోలో అకార్డ్, టొయోటా 1988లో కెంటకీలో క్యామ్రీ తయారు చేయడం మొదలుపెట్టాయి. ఇంపోర్ట్ అన్న బండి అమెరికన్ కార్మికుల చేతుల్లో తయారైంది, డొమెస్టిక్ అన్నవి కొన్ని మెక్సికో, కెనడాల నుంచి వచ్చాయి.

ఇంకో ఆసక్తికరమైన సంగతి. కాలిఫోర్నియాలో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి 1984 నుంచి ఒక ఫ్యాక్టరీ నడిపాయి. అక్కడే టొయోటా కరోలా తయారయ్యేది, దాదాపు అదే బండి జియో ప్రిజమ్ అని అమెరికన్ పేరుతోనూ వచ్చేది. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం ప్రిజమ్‌కి తక్కువ రేటు పలికేది. తెలిసినవాళ్లు కరోలా డబ్బు పెట్టకుండా ప్రిజమ్ కొనుక్కుని హాయిగా తిరిగేవారు. మన దగ్గర 2019 నుంచి బలెనో, గ్లాంజా అంతే కదా. రెండూ సుజుకీ ఫ్యాక్టరీ నుంచే వస్తాయి, పేరు ఒకటి మారుతీది, ఇంకొకటి టొయోటాది. గుంటూరు వైపు బంధువుల్లో ఒకరికి అదీ ఒకరికి ఇదీ ఉన్నాయి, మన్నికలో తేడా ఉందంటే నేను నమ్మను.

అమెరికాలో వాడిన కారుని ఇక్కడికి తెచ్చుకుందామని కొందరు అడుగుతారు. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి కుదరదు. కుడి స్టీరింగ్ ఉన్న పాత బండైనా మూడేళ్లు దాటకూడదు, పైన సుంకం బండి రేటుని మించిపోతుంది. కొత్త బండికి కూడా తక్కువేం కాదు, 40 వేల డాలర్లలోపు కార్ల మీద 2023 బడ్జెట్‌లో 60 నుంచి 70 శాతానికి పెంచారు. బయటి నుంచి వచ్చే సామాను మీద పడే సుంకం కూడా బిల్లులో కనిపిస్తుంది.

ఆటోనగర్ షెడ్డు
తమ్ముడు చెప్పిన ప్రిజమ్ కథ మాకు ఇక్కడ ఇంజిన్లతో జరిగింది. ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ ఉండేది చూడండి, స్విఫ్ట్‌లో అదే, డిజైర్‌లో అదే, టాటా బండ్లలో అదే, ఫియట్ సొంత కార్లలో అదే. పైన పేర్లు వేరు. ఒకే ఇంజిన్ కాబట్టి ఎవరు ఎలా వాడారో నాకు స్పష్టంగా కనిపించేది. వేళకి ఆయిల్ మార్చినవాళ్లది మూడు లక్షల కిలోమీటర్లకి కూడా మెత్తగా తిరిగేది. ఆయిల్ లాగించినవాళ్లది టైమింగ్ చెయిన్ చప్పుడుతో వచ్చేది, టర్బో పోయి వచ్చేది. యజమాని ఎక్కడివాడు, కంపెనీ ఎక్కడిది అని ఆ ఇంజిన్ అడగలేదు.

కనిగిరి మాస్టారు
షెడ్డు బాబు ఆయిల్ అన్నాడు, నేను నీళ్లు అంటాను. మా పడమటి ప్రకాశంలో బోరు నీళ్లు ఎంత కరుకో అందరికీ తెలుసు. నీళ్లు కాచిన గిన్నెకి తెల్లగా పొర కడుతుంది. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తారు! కనిగిరి నుంచి పొదిలి మీదుగా ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ వేసుకుని పోతే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది, లోపల సన్న గొట్టాలన్నీ మూసుకుపోయి ఉంటాయి. అప్పుడు హెడ్ గాస్కెట్ పోయిందని కంపెనీని తిడతారు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్లు పోయకండి. దారిలో అత్యవసరమై పోస్తే, ఊరు చేరగానే కడిగించి మార్పించండి. మా ఊళ్లో ఏ దేశపు బండికైనా ఈ ఒక్క జాగ్రత్తతో ఆయుష్షు పెరిగింది.

చెరువుగట్టు
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా సంతోషం. మాస్టారి మాట, షెడ్డు అన్న మాట ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. జర్మన్ బండి ఆలోచన వదిలేశాం. లెక్చరర్ మేడం చెప్పినట్టు నెల్లూరులో మూడు వర్క్‌షాపులకి వెళ్లి చూశాం. ఒక దేశీ కంపెనీ డీజిల్ ఎస్‌యూవీ, ఒక కొరియా కంపెనీ పెట్రోలు బండి, ఈ రెండింటికి వచ్చాం. రెండూ మార్కెట్‌లోకి వచ్చి కొన్నేళ్లయిన మోడళ్లే. రెండింటి సామానూ నెల్లూరులోనే దొరుకుతోంది. గట్టు రోడ్డు ఎత్తు చూస్తే దేశీదే నాన్నకి నచ్చింది, నాకూ అదే సరిపోతుందనిపిస్తోంది.

ఒకే భయం, వరద. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు మా వైపు కార్లు చాలా మునిగాయి. అలాంటప్పుడు ఏం చెయ్యాలి?

పెన్నా డాక్టర్
ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్‌ఆన్ అడిగి తీసుకోండి. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో నీళ్లు మింగిన ఇంజిన్‌కి సాధారణంగా డబ్బులు రావు. మాగుంట లేఔట్ అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలబడి ఉంటే ఎంత పెద్ద బండైనా దింపకండి, చుట్టూ తిరిగి పొండి.

ఆటోనగర్ షెడ్డు
మునిగిన బండిని ఎట్టి పరిస్థితుల్లో స్టార్ట్ చెయ్యొద్దు. తాళం కూడా తిప్పొద్దు. నీళ్లు సిలిండర్లోకి పోయి ఉంటే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ వైరు ఊడదీసి, తోసి గట్టు మీద పెట్టి ఫోన్ చెయ్యి. ఫోటోలు తీసి పెట్టుకో, క్లెయిమ్‌కి పనికొస్తాయి.

బండి తీసుకున్నాక వాన కాలానికి ముందే అండర్‌బాడీ కోటింగ్ కొట్టించు, నీకు ఉప్పు ఉంది కాబట్టి అది ఖర్చు అనుకోవద్దు. కొట్టేటప్పుడు పక్కన నిలబడి చూడు. తలుపుల అడుగున, రన్నింగ్ బోర్డు కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. తొందరపడి వాటి మీద కూడా కొట్టేస్తారు. అవి మూసుకుంటే నీళ్లు లోపలే నిలబడి, కోటింగ్ లేని బండికన్నా ముందు తుప్పు పడుతుంది. సైలెన్సర్ మీద, బ్రేకు డిస్కుల మీద కూడా పడకుండా కవర్ కట్టమను. డిక్కీలో రబ్బరు ట్రే వేసుకో, నెలకోసారి మ్యాట్ ఎత్తి కింద తడి ఉందేమో చేత్తో తాకి చూడు.